మార్చిన ప్రతిసారీ కాలిపోయిన లైన్ ట్రాన్సిస్టర్: ఒక 17 అంగుళాల సీఆర్‌టీ మానిటర్ కేసు

సెట్టు: 17 అంగుళాల రంగుల సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్ ఉన్న పాతరకం) మానిటర్. వెనక స్టిక్కరు మీద తయారీ సంవత్సరం 2002. హారిజాంటల్ స్కాన్ 30 నుంచి 70 కిలోహెర్ట్జ్, అంటే తెర మీద సెకనుకు 30 వేల నుంచి 70 వేల గీతలు.

యజమాని: శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే దారిలో, గార దగ్గర డీటీపీ, శుభలేఖల ప్రెస్సు నడిపే పెద్దాయన. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారు కాబట్టి చుట్టుపక్కల అందరికీ మాస్టారే.

ఫిర్యాదు: స్విచ్ వేస్తే తెర రాదు. లోపల టిక్ టిక్ మని శబ్దం. ముందున్న పచ్చలైటు మినుకుమంటూ ఉంటుంది.

పాత చరిత్ర: ఇదే ఫిర్యాదుతో బయట రెండుసార్లు బాగుచేయించారు. మొదటి రిపేరు కొన్ని వారాలు నిలిచింది. రెండోది ఒక్క పూట కూడా నిలవలేదు.

ఈ రోజుల్లో ఈ డబ్బా ఎందుకు మాస్టారూ, సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ మానిటర్ చవగ్గా వస్తుంది కదా అని అడిగాను. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "తెచ్చి పెట్టాను బాబూ. మొదట 'అవుట్ ఆఫ్ రేంజ్' అని రాసి ఊరుకుంది. మా మేనల్లుడు వచ్చి ఏదో మార్చి బొమ్మ తెప్పించాడు. తీరా చూస్తే సున్నా కోడిగుడ్డులా పడుకుంది. పెళ్లికూతురి పేరు అలా కనబడుతుంటే కార్డు ఎలా కూర్చమంటావు?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ కంప్యూటర్లో ఇంకా విండోస్ 98 ఉంది. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, ఇరవై ఏళ్ల శుభలేఖల ఫైళ్లు అన్నీ అందులోనే. రిజల్యూషన్ 1024 బై 768, రిఫ్రెష్ 85 హెర్ట్జ్. చాలా ఫ్లాట్ మానిటర్లు 75 దగ్గరే ఆగిపోతాయి, అందుకే ఆ 'అవుట్ ఆఫ్ రేంజ్'. రిఫ్రెష్ తగ్గించాక బొమ్మ వచ్చినా, 4:3 బొమ్మని వెడల్పు తెర అడ్డంగా సాగదీస్తుంది. ఆ పాత గ్రాఫిక్స్ కార్డుకి వెడల్పు రిజల్యూషన్లు తెలియవు. ఇంగ్లిష్ అక్షరం కాస్త సాగినా కన్ను ఊరుకుంటుంది. తెలుగు లిపిలో సగం గుండ్రాలే, వెంటనే పట్టేస్తుంది. కాబట్టి ఈ సెట్టు బాగుచేయడానికి కారణం ఉంది. ఇక పనిలోకి వెళ్దాం.

టిక్ టిక్ అంటే సగం ఆరోగ్యం

పూర్తిగా చచ్చిన సెట్టు కంటే టిక్ టిక్ మనే సెట్టు నయం. ఫ్యూజు, బ్రిడ్జి డయోడ్లు, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్, పవర్ మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) దాదాపుగా బాగున్నాయని ఆ శబ్దమే చెబుతుంది. ఈ సెట్టులో ఎస్ఎంపీఎస్‌ని (కరెంటుని కావలసిన ఓల్టేజీలుగా మార్చి ఇచ్చే పవర్ సప్లైని) నడిపేది యూసీ 3842 ఐసీ. స్టార్టింగ్ రెసిస్టర్ గుండా దాని 7వ కాలికి కరెంటు చేరి, ఓల్టేజీ 16 దాకా ఎదిగితే ఐసీ లేస్తుంది. లేచాక ట్రాన్స్‌ఫార్మర్లోని చిన్న వైండింగు దానికి తిండి పెట్టాలి. అవతల ఎక్కడో షార్టు ఉంటే ఆ తిండి అందదు. ఓల్టేజీ 10కి జారిపోగానే ఐసీ పడుకుంటుంది. మళ్లీ రెసిస్టర్ గుండా 16 దాకా ఎక్కుతుంది, మళ్లీ పడిపోతుంది. మనకు వినపడే ప్రతి టిక్కూ ఒక ప్రయత్నం.

ఇందులో ముఖ్యంగా రెండు అవకాశాలుంటాయి. సెకండరీ వైపు (ట్రాన్స్‌ఫార్మర్ అవతల, మిగతా భాగాలకు కరెంటు ఇచ్చే వైపు) షార్టు ఒకటి, 7వ కాలి దగ్గరున్న చిన్న కెపాసిటర్ ఎండిపోవడం రెండోది. తెర మీద గీతలు గీయించే లైన్ ట్రాన్సిస్టర్‌ని తీసేస్తే తేలిపోతుంది. తీశాక ఓల్టేజీలు నిలబడితే ఎస్ఎంపీఎస్ మంచిదే.

అయితే మూత తీసే ముందు నేను మాస్టారిని ఇంకో రెండు ప్రశ్నలు అడిగాను. ఈ కేసులో అసలు గుట్టు బయటపడింది అక్కడే.

"చివరిసారి బొమ్మ ఎప్పుడు పోయింది మాస్టారూ, స్విచ్ వేసిన వెంటనేనా?"

"లేదు లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి, విండోస్ మబ్బులు వచ్చాయి. పేజ్‌మేకర్ తెరిచి ఒక కార్డు దిద్దుతున్నాను. అప్పుడు టప్ మంది."

"మొదటి రిపేర్లో ఏ పార్టు వేశారో తెలుసా?"

"పాత మానిటర్ ఒకటి విప్పి అందులోంచి తీసి వేశాడు. రెండోసారి మాత్రం షాపులో కొన్నదే, కొత్తది."

పాత పార్టు వారాలు నడిచింది, కొత్త పార్టు పూట కూడా నడవలేదు. లైన్ ట్రాన్సిస్టర్ ఎంతసేపు బతికిందన్నది మీటరు పెట్టకముందే మనకు దొరికే రీడింగు. స్విచ్ వేసిన క్షణంలోనే పోతే రిట్రేస్ కెపాసిటర్ (గీత అయ్యాక వెనక్కి మళ్లేటప్పుడు లేచే పల్సుని అదుపు చేసేది) ఓపెన్ అయినా అయి ఉండాలి, ఎల్ఓటీ (ట్యూబుకి హై ఓల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) షార్టయినా అయి ఉండాలి. అలాంటప్పుడు ట్రాన్సిస్టర్‌కి వేడెక్కే వ్యవధి కూడా ఉండదు. నిమిషాల్లోనో గంటలోనో పోతే అది వేడి వల్ల చావు: బేస్ డ్రైవ్ (ట్రాన్సిస్టర్‌ని ఆన్ చేసే కరెంటు) చాలకపోవడం, లేదా పార్టు ఆ పనికి తగనిది కావడం. వారాలు నడిచి పోతే ఏదో ఒకటి అంచు మీద నడుస్తోందని అర్థం. ఇక్కడ రెండు చావులకు రెండు వేర్వేరు వయసులున్నాయి. అంటే కారణాలు కూడా రెండు ఉండొచ్చు.

మూత తీశాక

ఈ పని మీటరు పట్టుకోవడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. టీవీ, మానిటర్ చాసిస్‌లో ఎప్పుడూ చెయ్యి పెట్టనివాళ్లు ఇది చదివి మూత తీయకండి. పవర్ తీసేసినా పెద్ద కెపాసిటర్లో 320 ఓల్టుల దాకా నిలిచి ఉంటుంది. ఇందులో ఉన్నది 220 మైక్రోఫారడ్, 400 ఓల్టులది. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసి టప్ మనిపించడం మన దగ్గర చాలామందికి అలవాటు. దానివల్ల పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ట్రాకులు లేచిపోతాయి, కెపాసిటర్ కూడా దెబ్బతింటుంది. నేను 2.2 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైర్లు కట్టి పెట్టుకున్నాను. ఐదారు సెకన్లు ఆనిస్తే చాలు, తర్వాత మీటరుతో చూసుకోవాలి.

పిక్చర్ ట్యూబ్ యానోడ్ (హై ఓల్టేజీ చేరే చోటు) సంగతి ఇంకా పెద్దది. ఈ సైజు ట్యూబులో 25 కిలోఓల్టుల దరిదాపుల్లో ఉంటుంది. ట్యూబు వెనక నల్లటి పూత మీదుగా అల్లిన రాగి జడ పోతుంది చూడండి, డిశ్చార్జ్ వైరు రెండో కొస దానికే తగిలించాలి. చాసిస్ మీద కనబడిన స్క్రూకి తగిలిస్తే ఆ దెబ్బ ఐసీలకు పోతుంది. ఒకసారి డిశ్చార్జ్ చేశాక కొద్ది నిమిషాలాగి మళ్లీ చేయాలి. ట్యూబు గాజు తనలో దాచుకున్న ఛార్జిని కొంత తిరిగి బయటపెడుతుంది.

మూత తీయగానే కనబడినవి: తీరం గాలి రుచి చూసిన బోర్డు అని తెలిసిపోతోంది. ఐసీ కాళ్ల మీద తెల్లటి పొడి, రాగి జడ మీద పచ్చటి చిలుము. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఆ వైపు నుంచి వచ్చే ప్రతి సెట్టూ ఇంతే. ఫ్యానుకైనా ఫ్రిజ్జుకైనా అక్కడ ఆయుష్షు తక్కువే. ఎల్ఓటీ చుట్టూ మాత్రం పాత ఫ్లక్సు మరకలు, కొత్త సోల్డరు. లైన్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కి (వేడిని లాగే అల్యూమినియం రేకుకి) ఆనే చోట వేడిని దాటించే కాంపౌండ్ ఒక్క చుక్క లేదు. డీగాస్ కాయిల్ (తెరకి అంటిన అయస్కాంతాన్ని పోగొట్టే చుట్ట) ప్లగ్గు ఊడదీసి, దానికి నల్ల టేపు చుట్టి, ట్యూబు కింద దోపారు. సిరీస్ బల్బు (కరెంటు మితిమీరకుండా దారిలో పెట్టే బల్బు) పెట్టి చెక్ చేసేటప్పుడు పోజిస్టర్ (డీగాస్ కాయిల్‌కి మొదట కరెంటు వదిలి, వేడెక్కగానే ఆపేసే పార్టు) కరెంటు అడ్డొస్తుందని ఆ ప్లగ్గు తీయడం మామూలే. తిరిగి పెట్టడమే మర్చిపోయారు. దాని సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టాను.

ట్రాన్సిస్టర్ కాళ్లు కలెక్టర్, ఎమిటర్ మధ్య మీటరు బీప్, అంటే షార్టు. ఊడదీశాను. మీద ముద్ర: బీయూ 2508 డీఎఫ్.

అది టీవీ పార్టు

మన దగ్గర టీవీ మెకానిక్కు డబ్బా ఏది తెరిచినా బీయూ 2508 ఉండేది. 14 అంగుళాలు, 20 అంగుళాలు, 21 అంగుళాలు, ఏ రంగుల టీవీకైనా అదే వేసేవాళ్లం. 1500 ఓల్టులు తట్టుకుంటుంది. ప్యాకింగు కూడా మానిటర్ పార్టులాగే పూర్తిగా ప్లాస్టిక్, మైకా అక్కర్లేదు. కాళ్ల వరస అదే. కాబట్టి సరిగ్గా కూర్చుంటుంది, స్విచ్ వేస్తే బొమ్మ కూడా వస్తుంది. అందుకే ఆ మెకానిక్కుని పెద్దగా అనడానికి లేదు. బొమ్మ చూసి, డబ్బులు తీసుకుని పంపేశాడు.

తేడా కాలంలో ఉంది. మన పాత టీవీలో ఒక గీత గీయడానికి 64 మైక్రోసెకన్లు. సెకనుకు 15,625 గీతలు. మానిటర్ బూట్ అయ్యేటప్పుడు 31.5 కిలోహెర్ట్జ్, అంటే గీతకి సుమారు 32 మైక్రోసెకన్లు. మాస్టారి విండోస్ లేచి 1024 బై 768, 85 హెర్ట్జ్‌లోకి వెళ్లగానే 68.7 కిలోహెర్ట్జ్ అవుతుంది. అప్పుడు గీతకి 14.6 మైక్రోసెకన్లే. పవర్ ట్రాన్సిస్టర్‌కి బేస్ సిగ్నల్ ఆపేసినా వెంటనే ఆగదు, లోపల నిలిచిన ఛార్జి ఖాళీ అయ్యేదాకా కొన్ని మైక్రోసెకన్లు పారుతూనే ఉంటుంది. 64 మైక్రోసెకన్ల గీతలో ఆ ఆలస్యాన్ని పట్టించుకునే పని లేదు. 14.6లో అది పెద్ద వాటా. పైగా ఆగే ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది. సెకనుకు 15 వేలసార్లు ఆగడానికి తయారైన పార్టుని 68 వేలసార్లు ఆపితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? అందులోనూ కాంపౌండ్ లేని హీట్‌సింక్.

బూట్ తెర బాగుండి, విండోస్ మబ్బుల దాకా బాగుండి, పేజ్‌మేకర్ తెరిచాక పోవడానికి కారణం ఇదే. ఆ మబ్బుల తెర కూడా 31.5 కిలోహెర్ట్జ్ దగ్గరే నడుస్తుంది. అసలు బరువు డెస్క్‌టాప్ వచ్చాకే పడుతుంది.

ఊడదీసినదాన్ని వైసులో బిగించి పగలగొట్టి చూశాను. కాలిపోయినవాటిని ఇలా చూడడం నాకు అలవాటు. లోపలి చిప్పు నా దగ్గరున్న పాత నిఖార్సైన 2508 చిప్పులో సగం కూడా లేదు. అంటే అది టీవీలో వేసినా ఎక్కువ రోజులు నిలిచే సరుకు కాదు. ముద్ర ఒకటి, సరుకు ఒకటి.

రెండో చావుకి లెక్క తేలింది. మొదటి చావుకి తేలలేదు. పాత మానిటర్లోంచి తీసిన పార్టు సరైన జాతిదే అయి ఉండాలి, అయినా వారాల్లో పోయింది. అసలు కంపెనీ వేసిన పార్టు ఎందుకు పోయిందన్నది కూడా ఇందులోనే ఉంది. ఇప్పుడు సరైన నంబరు వేసి సెట్టు ఇచ్చేస్తే మూడో చావు నా ఖాతాలో పడుతుంది.

ఒక్కొక్కరినీ వదిలేస్తూ

లైన్ ట్రాన్సిస్టర్ లేకుండా, 100 వాట్ల సిరీస్ బల్బుతో పవర్ ఇచ్చాను. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. టిక్ టిక్ లేదు. హీటర్ 6.3, 12 ఓల్టుల లైను, వీడియో లైను అన్నీ నిలకడగా ఉన్నాయి. ఎస్ఎంపీఎస్ నిర్దోషి.

ఎల్ఓటీని రింగ్ టెస్టర్‌తో చూశాను. ఓములు కొలిస్తే ఎల్ఓటీ గురించి ఏమీ తెలియదు. వందల చుట్లలో ఒక్క చుట్టు షార్టయినా మీటరు రీడింగులో తేడా కనబడదు. రింగ్ టెస్టర్ చిన్న పల్సు కొట్టి, ఆ మోత ఎన్ని ఊపులు నిలుస్తుందో చూపిస్తుంది. చుట్టు షార్టయితే మోత వెంటనే చచ్చిపోతుంది. ఇక్కడ పచ్చలైట్లన్నీ వెలిగాయి. యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండి బొమ్మ గీసే కిరణాన్ని తిప్పేది) హారిజాంటల్ కాయిల్ కూడా అలాగే మంచిది. రిట్రేస్ కెపాసిటర్లు రెండూ బోర్డులోంచి తీసి కొలిచాను, రాసిన విలువకి దగ్గరగానే ఉన్నాయి. వీటిని బోర్డులో ఉండగా కొలవడం వృథా. ఒకవేళ వీటిని మార్చాల్సి వస్తే పాలీప్రొపిలీన్, 1600 లేదా 2000 ఓల్టులదే వేయాలి. విలువ తగ్గితే కలెక్టర్ మీద పల్సు ఎత్తు పెరిగి ట్రాన్సిస్టర్ క్షణంలో పోతుంది.

తర్వాత బీప్లస్, అంటే లైన్ దశకి అందే ఓల్టేజీ. టీవీలో లైన్ దశకి ఓల్టేజీ స్థిరంగా 110 దరిదాపుల్లో ఉంటుంది. మల్టీసింక్ (రకరకాల స్కాన్ వేగాలకి మారే) మానిటర్లో అలా కుదరదు. యోక్ కాయిల్లో కరెంటు ఎంత వేగంగా ఎదగాలన్నది ఓల్టేజీని బట్టి ఉంటుంది. గీతకి ఉన్న వ్యవధి సగమైతే, అదే వెడల్పు రావడానికి ఓల్టేజీ దాదాపు రెట్టింపు కావాలి. అందుకని ఎస్ఎంపీఎస్ ఇచ్చిన 50 ఓల్టులని ఒక మాస్‌ఫెట్, ఒక చోక్, ఒక ఫాస్ట్ డయోడ్ కలిసి స్కాన్‌కి తగినట్టు పైకి ఎత్తుతాయి. ఈ భాగం అదుపు తప్పి ఓల్టేజీ ఎక్కువైనా లైన్ ట్రాన్సిస్టర్ పోతుంది. మాస్‌ఫెట్ షార్టు లేదు, డయోడ్ మంచిది, అవుట్‌పుట్ కెపాసిటర్ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం, తక్కువుంటేనే మంచిది) బాగుంది. పూర్తి పరీక్ష ట్రాన్సిస్టర్ వేశాకే కుదురుతుంది కాబట్టి దీన్ని సగం నిర్దోషిగా రాసుకున్నాను.

మిగిలింది డ్రైవర్ దశ. లైన్ ట్రాన్సిస్టర్ బేస్‌కి కరెంటు తోసే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని నడిపే చిన్న ట్రాన్సిస్టర్, వాటి సరఫరా. ఈ సెట్టులో లైన్ ట్రాన్సిస్టర్ లేకపోయినా డ్రైవ్ వస్తుంది, అది మన అదృష్టం. కంప్యూటర్ నుంచి సిగ్నల్ ఇచ్చి, సీఆర్ఓ (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్) ప్రోబు డ్రైవర్ సరఫరా మీద పెట్టాను. సాపుగా ఉండాల్సిన గీత మీద నాలుగైదు ఓల్టుల అల ఎగిరెగిరి పడుతోంది.

ఆ సరఫరాని పట్టి ఉంచేది 47 మైక్రోఫారడ్, 50 ఓల్టుల చిన్న కెపాసిటర్. పైకి ఏమీ ఉబ్బలేదు, కారలేదు. కానీ అది నిలబడింది ఎక్కడ? లైన్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కి ఆనుకుని, వేలు పట్టనంత సందులో. ఒక వైపు ప్లాస్టిక్ తొడుగు వేడికి ముడుచుకుని అల్యూమినియం బయటపడింది. తీసి కొలిస్తే 9 మైక్రోఫారడ్, ఈఎస్ఆర్ 18 ఓములు. కొత్తది అర ఓము దగ్గర ఉంటుంది.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. హీట్‌సింక్ పక్కన కూర్చున్నది ముందు పోవడంలో వింత లేదు. అది ఎండేకొద్దీ డ్రైవర్ బలహీనపడుతుంది. బేస్‌కి కరెంటు చాలక లైన్ ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ అవ్వదు, కొంత ఓల్టేజీని తన మీదే మోస్తూ వేడెక్కుతుంది. ఆ వేడి మళ్లీ ఈ కెపాసిటర్‌నే ఇంకొంచెం ఎండబెడుతుంది. ఇలా ఒకదాన్నొకటి తినుకుంటూ వచ్చి, చివరికి ట్రాన్సిస్టర్ షార్టయింది. పాత మానిటర్లోంచి తీసి వేసిన పార్టు వారాల్లో పోవడానికి కూడా కారణం ఈ పది రూపాయల వస్తువే.

105 డిగ్రీలది కొత్తది వేశాను. నిలువుగా పెట్టకుండా కాళ్లు కాస్త పొడుగు ఉంచి, హీట్‌సింక్‌కి దూరంగా పడుకోబెట్టాను, కాళ్లకి స్లీవు తొడిగాను. సీఆర్ఓలో అల కనుమరుగైంది. ఆ చుట్టుపక్కల ఉన్న చిన్న ఎలక్ట్రోలిటిక్‌లు కూడా ఈఎస్ఆర్ మీటరుతో తిరగేశాను. ఇంకొకటి అంచున ఉంది, మార్చేశాను. ఎల్ఓటీ, డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, యోక్ కనెక్టర్, వర్టికల్ ఐసీ కాళ్లన్నీ పాత సోల్డరు లాగేసి కొత్తగా వేశాను. డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక కాలి చుట్టూ భూతద్దంలో సన్నటి గుండ్రటి పగులు కనబడింది. ఇప్పటికి అది తగులుతూనే ఉన్నా ఇంకో ఏడాదిలో వదిలేసేదే.

మళ్లీ ప్రాణం

కొత్త ట్రాన్సిస్టర్ బీయూ 2527 ఏఎఫ్. ఇది మానిటర్ల కోసం తయారైన జాతి. షాపులో కొత్తది అని ఇచ్చినదాని మీద నాకు నమ్మకం తక్కువ. నా తుక్కులో ఉన్న, కంపెనీ బిగించిన బోర్డులోంచే తీసి, మీటరుతో చూసి వేశాను. హీట్‌సింక్ తుడిచి, కాంపౌండ్ పల్చగా రాశాను.

మొదటి స్విచ్ సిరీస్ బల్బుతోనే, కంప్యూటర్ని 640 బై 480లో పెట్టి. బల్బు మెరిసి తగ్గింది. యానోడ్ టోపీ దగ్గర చిన్న చిటపట, తెర వెలుగు. బొమ్మ రాగానే సిరీస్ బల్బు తీసేయాలి. ఎస్ఎంపీఎస్‌కి ఓల్టేజీ తగ్గిస్తే కరెంటు ఎక్కువ లాగుతుంది, బల్బు ఇంకా వెలుగుతుంది, ఓల్టేజీ ఇంకా పడుతుంది. మంచి సెట్టు కూడా టిక్ టిక్ మనడం మొదలుపెడుతుంది. అది చూసి లేని షార్టు కోసం వెతికేవాళ్లున్నారు. పల్లెల్లో రాత్రిపూట లో ఓల్టేజీలో సెట్లు వేడెక్కడానికి కూడా కారణం ఇదే.

బీప్లస్ ఇక్కడ 55 ఓల్టులు. 800 బై 600కి, తర్వాత 1024 బై 768కి వెళ్తూ చూస్తే మెట్టు మెట్టుకీ ఎదిగి, 85 హెర్ట్జ్ దగ్గర 120కి చేరి నిలబడింది. అంటే ఆ భాగం పూర్తిగా నిర్దోషి. లైన్ ట్రాన్సిస్టర్ కలెక్టర్ మీద మాత్రం మామూలు ప్రోబు పెట్టకండి. అక్కడ వెయ్యి ఓల్టులు దాటే పల్సులుంటాయి, సీఆర్ఓ పోతుంది. మీటరు టెంపరేచర్ ప్రోబుని హీట్‌సింక్‌కి కట్టి, మాస్టారు వాడే మోడ్‌లోనే మధ్యాహ్నమంతా నడిపాను. 60 డిగ్రీలు దాటలేదు.

డీగాస్ ప్లగ్గు తిరిగి పెట్టాను. అంతవరకూ తెర కుడివైపు కింద మూలలో ఆకుపచ్చ మచ్చ ఉంది. స్విచ్ వేయగానే ధుమ్ మని మోగి బొమ్మ ఒకసారి వణికింది. మచ్చ చాలా మటుకు పోయింది. పోజిస్టర్ చల్లారాకే మళ్లీ పనిచేస్తుంది కాబట్టి పావుగంట ఆగి ఇంకోసారి వేశాను. పూర్తిగా పోయింది. మాస్టారి బల్ల మీద మానిటర్ని ఆనుకుని స్పీకరు ఉంటుందట. ఆ అయస్కాంతం చేసిన పనే ఇది.

పొద్దుటి మసక

ఇక్కడితో ఇచ్చేయొచ్చు. కానీ మాస్టారు ఫోన్లో ఇంకో మాట అన్నారు: "పొద్దున్నే అక్షరం అలికేసినట్టుంటుంది బాబూ, గంటకి తేటపడుతుంది. ట్యూబు ముసలిదైపోయింది కదా, అంతేలే."

ట్యూబు ముసలిదైతే బొమ్మ కాంతి తగ్గుతుంది, రంగు ఒకటి వెనకబడుతుంది, తెల్లటి చోట్ల అంచులు పేలినట్టు ఉంటాయి. ఈ ట్యూబులో కాంతి బాగానే ఉంది. మసకగా మొదలై వేడెక్కేకొద్దీ తేటపడటం సముద్రం పక్క సెట్లకి వచ్చే వేరే జబ్బు. ట్యూబు మెడకి బిగించే సాకెట్లోనే, ఫోకస్ వైరు వచ్చే చోట, చిన్న గదిలాంటి స్పార్క్ గ్యాప్ ఉంటుంది. ట్యూబు లోపల మెరుపు పుడితే ఆ దెబ్బ బోర్డుకి పోకుండా అక్కడే దూకేయడానికి ఆ ఏర్పాటు. ఫోకస్ ఓల్టేజీ కొన్ని వేల ఓల్టులు. ఆ గదిలో ఉప్పుతేమ చేరితే ఫోకస్ కరెంటు కొంచెం కొంచెం కారిపోతుంది, ఓల్టేజీ పడిపోతుంది, అక్షరం అలుక్కుంటుంది. సెట్టు వేడికి తేమ ఆరాక కారడం ఆగుతుంది. వానాకాలంలో ఈ మసక ఎక్కువసేపు ఉంటోందా అని అడిగితే, అవునన్నారు.

రాత్రంతా సెట్టు వరండాలో ఉంచి పొద్దున్నే స్విచ్ వేశాను. అక్షరం అలుక్కునే ఉంది. హెయిర్ డ్రయ్యర్‌తో, ట్యూబు మెడకి నేరుగా తగలకుండా, సాకెట్ మీద దూరం నుంచి గోరువెచ్చటి గాలి ఊదాను. మామూలుగా గంట పట్టేది కొద్ది నిమిషాల్లో తేటపడింది. ఇక అనుమానం లేదు. పవర్ తీసి, డిశ్చార్జ్ చేసి, ఆ గది మూత గోటితో లేపితే లోపల రాగి ముక్కల మీద పచ్చటి మెత్తని పొడి. గీకి, స్పిరిట్‌తో కడిగి మళ్లీ మూసేవాళ్లున్నారు. కొన్ని నెలలు నడుస్తుంది కూడా. నేనైతే సాకెట్ మార్చేస్తాను. పిన్నుల వరస, మెడ లావు సరిపోవాలి. తుక్కులో ఒకటి సరిపోయింది. మెడ దగ్గర పనిచేసేటప్పుడు సాకెట్‌ని పక్కకి ఊపకుండా నేరుగా వెనక్కి లాగాలి. మెడ విరిగితే ట్యూబు అంతటితో పోయినట్టే.

సాకెట్ మారాక, ఎల్ఓటీ మీదున్న ఫోకస్ నాబ్‌ని తిప్పి, తెర నిండా తెలుగు అక్షరాలు పెట్టి, మధ్యలోనూ మూలల్లోనూ రాజీ కుదిరే చోట ఆపాను. స్క్రీన్ నాబ్ ముట్టుకోలేదు. చాలామంది కాంతి కోసం దాన్ని తిప్పేసి తెర మీద అడ్డగీతలు తెచ్చుకుంటారు.

అప్పగింత

రెండు కెపాసిటర్లు, ఒక ట్రాన్సిస్టర్, ఒక సాకెట్. సామాను ఖర్చు పెద్దదేమీ కాదు, కూలే ఎక్కువ. మాస్టారు బేరమాడలేదు. ఊడదీసిన పార్టులు కవర్లో వేసి ఇచ్చాను, పగలగొట్టిన 2508తో సహా.

రిఫ్రెష్‌ని 85 నుంచి 75కి తగ్గించాను. 68.7 కిలోహెర్ట్జ్ కాస్తా 60కి దిగుతుంది, బీప్లస్ కూడా దిగుతుంది, లైన్ దశకి ఊపిరి ఆడుతుంది. 60 హెర్ట్జ్‌కి దించితే ఇంకా తేలిక, కానీ తెర మినుకుమంటుంది, రోజంతా అక్షరాలు దిద్దే కళ్లకి అది మంచిది కాదు. స్పీకరు బల్ల చివరికి జరపమని చెప్పాను. రాత్రి గుడ్డ కప్పేది సెట్టు చల్లారాకే. వానాకాలంలో ప్రెస్సుకి సెలవిచ్చినా రోజూ కాసేపు మానిటర్ వేసి ఉంచాలి. మూలన పడేసిన సెట్టులో తేమ చేరినంతగా నడిచే సెట్టులో చేరదు.

ఇక మిగిలిన భయం ఎల్ఓటీ. అది పోతే కొత్తది దొరకదు, ఇదే బోర్డు ఉన్న తుక్కు మానిటర్ దొరకాలి. గారలో మూసేసిన నెట్ సెంటర్ నుంచి తెచ్చుకున్న 17 అంగుళాల మానిటర్లు కొన్ని తన అటక మీద పడి ఉన్నాయని మాస్టారు అన్నారు. ఇనుప సామాన్లవాడికి వేసేముందు వెనక స్టిక్కర్ల ఫొటోలు నాకు పంపమన్నాను. నంబరు కలిసినవి ఉంటే ఎల్ఓటీ, సాకెట్ తీసి ఆయన పేరు రాసి పక్కన పెడతాను.